వెనక్కి చూసే నెమళ్లు

ఈ దసరాకి మా అపార్ట్‌మెంట్‌లో బొమ్మల కొలువు పోటీ పెట్టారు. గుణదల వైపు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌కీ ఒక అసోసియేషన్, ప్రతి అసోసియేషన్‌కీ ఒక వాట్సాప్ గ్రూపు, ప్రతి గ్రూపుకీ ఒక పోటీ తప్పనిసరి అయిపోయాయి. నియమం ఒకటే. కొలువులో పెట్టే అలంకరణ సామాను అంతా ఇంట్లో సొంత చేతులతో కాగితంతో చేసిందే అయ్యుండాలి. ఆ నియమం పెట్టిన మర్నాటి నుంచి మా వాచ్‌మన్‌కి ఊపిరి సలపలేదు. ఫ్లాటుకొక అట్టపెట్టె చొప్పున డెలివరీ వాళ్లు తెచ్చి గేటు దగ్గర పడేస్తూనే ఉన్నారు. ఎదురు ఫ్లాటు అమ్మాయి తన పెట్టె నా ముందే విప్పింది. అందులో ముందే కత్తిరించి, అంకెలు వేసి, వెనక జిగురు పూసి ఉంచిన రంగు కాగితం ముక్కలున్నాయి. ఒకటో నంబరు మీద రెండో నంబరు అంటించుకుంటూ పోతే చివరికి నెమలి వస్తుందట. జిగురు మీది పొర ఒలవడం మాత్రం మనమే చెయ్యాలి. ఆ ఒలవడాన్ని వీడియో తీసి, వెనక సంగీతం పెట్టి, 'నా చేతులతో నేనే చేసిన నెమలి' అని గ్రూపులో పెట్టింది. సాయంత్రానికల్లా అన్ని ఫ్లాట్లలోనూ అదే నెమలి వెలిసింది. గ్రూపులో అందరూ అందరినీ తెగ మెచ్చుకున్నారు. ఏవో పుస్తకాలు రాసిన పెద్దావిడనని నన్ను న్యాయనిర్ణేతగా పెట్టారు. ఎవరికి తక్కువ మార్కులు వేసినా లిఫ్టులో మొహమొహాలు చూసుకోవాల్సినవాళ్లం కాబట్టి అందరికీ మొదటి బహుమతి ఇచ్చేశాను.

ఇలాంటి చోట నా వయసువాళ్లు ఒక నిట్టూర్పు విడిచి, మా రోజుల్లో అయితేనా అని మొదలుపెట్టడం ఆచారం. నేనూ నోరు తెరిచాను, వెంటనే మూసుకున్నాను. ఎందుకంటే మా రోజుల్లోనూ వీధి వీధంతా ఒకే నెమలి, అందరూ మేమే చేశామన్నవాళ్లే. కాకపోతే ఆ నెమళ్లన్నిటినీ నిజంగా చేసిన మనిషంటూ ఒకావిడ ఉండేది. ఆ మనిషి మా ఇంట్లోనే, వెనక వసారాలో, మోచేతుల దాకా జిగురు పూసుకుని కూర్చుని ఉండేది. ఆవిడే మా నాన్నగారి చెల్లెలు సుభద్ర అత్తయ్య. అత్తయ్య ఇప్పుడు లేదు. ఉండి ఉంటే ఈ నెమలి పెట్టె చూపించి నవ్వించేదాన్ని. అది కుదరక ఇది రాస్తున్నాను.

ఉయ్యూరులో తాతయ్యకి బట్టల కొట్టుండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు. ఒకటి కొత్త బట్టల గంజి వాసన, రెండోది అత్తయ్య ఉడకబెట్టే మైదాపిండి జిగురు వాసన. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపేది. అది విషం కనక ఎవరైనా జావ అనుకుని తాగుతారేమోనని నాయనమ్మ ఆ గిన్నెకి చుట్టూ సున్నం బొట్లు పెట్టి, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చూపించి, మళ్లీ మర్నాడు చూపించి, మొత్తానికి ఆ గిన్నె అంటే మాకు పాము కంటే ఎక్కువ భయం చేసింది. కాగితాలకి కొదవలేదు. మిల్లుల నుంచి వచ్చే బేళ్ల చుట్టూ ఉండే గోధుమరంగు కాగితం, చొక్కా గుడ్డల మడతల్లోంచి తీసిన అట్టలు, చీరల మీద అంటించి ఉండే జిలుగు లేబుళ్లు అన్నీ అత్తయ్య సొత్తు. కొలువులో పెట్టే తామరల కొలనుకి నీళ్లలా మెరిసే వెండి కాగితం కావాలంటే కిళ్లీ కొట్టు దగ్గర పారేసిన సిగరెట్టు పెట్టెలు ఏరుకురమ్మని మమ్మల్ని పంపేది. మంచి కుటుంబంలోని ఆడపిల్లలు సిగరెట్టు పెట్టెలు ఏరుతున్నారని ఊళ్లో ఎవరో అన్నప్పుడు తాతయ్యకి తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాటి నుంచి ఆయనే ఏరుకొచ్చేవాడు.

తాతయ్యకి ఒకే ఒక్క పట్టింపు ఉండేది. కొట్లో గుడ్డ కోసే కత్తెరతో కాగితం కొయ్యకూడదు, పదును పోతుంది. అత్తయ్యకి వేరే కత్తెర ఉంది గానీ అది ఆకులు తప్ప మరేదీ కొయ్యలేని కత్తెర. కాబట్టి తాతయ్య భోజనం చేసి కొట్లో బల్ల మీద నడుం వాల్చిన సమయంలో పెద్ద కత్తెర వసారాలోకి వచ్చేది. ఆయన కళ్లు మూసుకునే ఉండి, "భద్రా, అది గుడ్డ చప్పుడు కాదు" అనేవాడు. అత్తయ్య కాసేపు ఆపి, ఆయన గురక అందుకోగానే మళ్లీ మొదలుపెట్టేది. ఆయన గురక నిజమైంది కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

ఏ పండగ వచ్చినా వీధికంతా అత్తయ్యే దిక్కు. వినాయక చవితికి గొడుగులు, జెండా పండగకి బడిపిల్లల తోరణాలు, పెళ్లి పందిళ్లకి గొలుసులు, క్రిస్మస్‌కి మా కొట్టు ముందు కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ ఇంటికి నక్షత్రం. కానీ దసరా వస్తే మాత్రం వ్యవహారం మారిపోయేది. దసరా బొమ్మల కొలువు దేవికోసమని అందరూ అనేవారు గానీ, పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో దాని అసలు ఉపయోగం వేరు. మగపెళ్లివాళ్లు పిల్లని చూడ్డానికి వస్తున్నామని చెప్పి రావడం, చూసి వద్దనుకుంటే ఇరుపక్షాలకీ నామోషీ. కొలువు చూడ్డానికి వచ్చామంటే ఎవరికీ బాధ లేదు. అబ్బాయి తల్లి పేరంటానికి వచ్చినట్టు వచ్చి, శనగలు, తాంబూలం పుచ్చుకుంటూ, కొండపల్లి బొమ్మల వంక ఒక కన్ను, పిల్ల వంక ఒక కన్ను వేసేది. అప్పుడు పిల్ల తల్లి, ఎవరూ అడక్కుండానే, మెట్ల మీదున్న కాగితం పువ్వుల్నో హంసల్నో చూపించి మా అమ్మాయే చేసిందండీ అనేది. వంట వచ్చో రాదో తర్వాత చూసుకోవచ్చు, కాగితం హంస చెయ్యడం మాత్రం పిల్లకి వచ్చి తీరాలి. అలాంటి హంస ఒక్కటైనా కాపురానికి ఎలా పనికొచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మా వీధిలో అలా చూపించే హంసలూ తామరలూ నెమళ్లూ అన్నీ సుభద్ర అత్తయ్యవే. నవరాత్రులు ఇంకా చాలా దూరం ఉండగానే ఒక్కొక్కరే పెరటి గుమ్మంలోంచి వచ్చేవాళ్లు. నాయనమ్మకి అదొక గర్వం. మా భద్ర చెయ్యి పడకుండా ఈ వీధిలో కొలువు లేవదు అని ఇంట్లో మా దగ్గర అనేది. బయట మాత్రం పెదవి విప్పేది కాదు. ఏ ఇంటి పిల్ల చేసిందని ఆ ఇంట్లో చెప్పుకుంటున్నారో అదే నిజమని తలూపేది. ఆడపిల్లల బతుకు వ్యవహారం, నోరు జారకూడదని మాకూ తర్ఫీదు ఇచ్చింది.

అన్నిట్లోకీ నెమలికి గిరాకీ. తోకకి పొడవాటి కాగితాన్ని విసనకర్రలా సన్నగా మడతలు పెట్టి, అంచులు కత్తిరించి, కళ్లకి నీలం గ్లేజు కాగితం అంటించేది. మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉండేది. మొట్టమొదటిసారి మడత తప్పి అలా వచ్చిందట. తన తోక తనే చూసుకుంటున్నట్టుందని అత్తయ్యకి నచ్చి అలాగే ఉంచేసింది. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా నెమలి వెనక్కే చూసేది.

ఒక యేడు అత్తయ్యకి గుడివాడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం. వాళ్ల అమ్మగారు మా వీధిలో రెండిళ్లలో కొలువులు చూస్తానని కబురు పెట్టింది. ముందు ఎదురింటి రాజ్యలక్ష్మమ్మగారింట్లో హేమని, తర్వాత మహర్నవమి నాడు మా ఇంట్లో అత్తయ్యని. ఆవిడ పేరు ఏమిటో నేనెప్పుడూ వినలేదు, అందరూ గుడివాడ ఆవిడ అనేవారు. ఆవిడ ఎదురింటికి వచ్చే రోజు పొద్దున వాన దంచి కొట్టింది. రాజ్యలక్ష్మమ్మగారి వసారా కారి, వాళ్లింట్లో ఉన్న అత్తయ్య నెమలి రంగులన్నీ కలిసిపోయి మడ్డిముద్ద అయింది. ఆవిడ తడిసిన చీరతోనే మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, నాయనమ్మ చేతులు పట్టుకుంది. "వదినగారూ, మీ కొలువులో ఉన్న నెమలిని ఇవాళ్టికి ఇప్పించండి. మీ భద్రకైతే మళ్లీ చేసుకోడం ఎంతలో పని. మా హేమకి అగ్గిపుల్ల విరవడం కూడా రాదు, మీకు తెలియంది కాదు" అంది.

అదే సంబంధం మనింటికీ వస్తోందని నాయనమ్మకి తెలుసు. అయినా పండగపూట గుమ్మంలోకొచ్చి అడిగిన మనిషికి లేదనడం ఆవిడకి చేతకాదు. నెమలితో పాటు అత్తయ్య దాచుకున్న హంసల జతనీ, తామరపూల కొలనునీ కూడా పళ్లెంలో పెట్టి, పైన ఒక గొడుగు పట్టించి మరీ పంపింది. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి చూసింది. వెంటనే కొత్త నెమలికి కాగితం మడవడం మొదలుపెట్టింది. ఆ ముసురులో జిగురు ఎండితే కదా. సాయంత్రానికి తోక మెత్తబడి, తడి తువ్వాలులా వేలాడింది.

గుడివాడ ఆవిడ ఎదురింట్లో కొలువు చూసి, ఎలాగూ ఇంత దూరం వచ్చాం, ఇంకోసారి బస్సెక్కే ఓపిక లేదు, ఆ రెండో పిల్లని కూడా ఇప్పుడే చూసేస్తానంది. రాజ్యలక్ష్మమ్మగారే స్వయంగా వెంటబెట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. మా కొలువులో ఏముంది, తాతయ్య కొట్లోంచి తెచ్చి పరిచిన తెల్ల పంచె, కొండపల్లి బొమ్మలు, నెమలి ఉండాల్సిన చోట నాయనమ్మ హడావిడిగా బోర్లించిన ఇత్తడి చెంబు. ఆవిడ కూర్చుని, పైనుంచి కిందికి చూసి, అత్తయ్యని చేతిపని ఏమన్నా వచ్చా అని అడిగింది.

"కాగితాలతో చేస్తానండి" అంది అత్తయ్య.

"ఏవమ్మా, ఒక్కటీ కనపడదేం?"

అత్తయ్య నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ రాజ్యలక్ష్మమ్మగారి వంక చూసింది. రాజ్యలక్ష్మమ్మగారు మా ఇంటి దూలాలు ఏ కలపతో చేశారో పరీక్షగా చూస్తోంది. నేను ఏదో అనబోయేలోపు నాయనమ్మ నా నోట్లో గుప్పెడు శనగలు కుక్కింది. అవి నమిలి మింగేసరికి మాట్లాడాల్సిన సమయం దాటిపోయింది. గుడివాడ ఆవిడ జాలిపడింది. ఈ వీధిలో ఇప్పటిదాకా అడుగుపెట్టిన ప్రతి ఇంట్లోనూ, పేరంటానికి దారిలో పిలిచిన ఇళ్లలో సైతం, ఆడపిల్లలు చేసిన నెమళ్లు ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పింది. అన్నీ వెనక్కి తిరిగి చూస్తున్నాయేమిటని అడిగితే, అది మా వీధి ఆనవాయితీ అని ఎదురింటి వదినగారు చెప్పారట. ఆ ఆనవాయితీ తెలియని పిల్ల ఇక్కడ ఒక్కతే ఉన్నట్టుందంది. శనగలు మూట కట్టించుకుని వెళ్లిపోయింది.

సంబంధం హేమకి ఖాయమైంది. ఆ కబురు తెలిసిన రోజు అత్తయ్య జిగురు గిన్నె ముందు కూర్చుని ఏడ్చింది. నాయనమ్మ పక్కన కూర్చుని, పోతే పోయిందిలే, దాని తాతలాంటి సంబంధం తెస్తామంది. "సంబంధం సంగతి కాదమ్మా" అంది అత్తయ్య. "నాకేమీ చేతకాదనుకుని వెళ్లిపోయింది చూడూ, అదీ నాకు మింగుడు పడనిది. ఊళ్లో ఇన్ని నెమళ్లు చేశాను, నాదని చెప్పుకోడానికి ఒక్కటీ లేదు." నాయనమ్మ లేచి వెళ్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంది. నాకు అప్పుడు అత్తయ్య మీద జాలి వేసింది గానీ, అంతకంటే ఎక్కువ నాయనమ్మ మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మంచితనం పేరుతో పిల్ల కష్టాన్ని పళ్లెంలో పెట్టి పంచిన మనిషిని తలుచుకుంటే, నెమలి పెట్టెలు అమ్మేవాళ్లే నయమనిపిస్తుంది.

మళ్లీ దసరా వచ్చేసరికి హేమ గుడివాడలో కోడలు. అత్తగారు చుట్టాలందరికీ మా కోడలి చేతి నెమలి చూద్దురు గాని రమ్మని పిలుపులు పంపింది. హేమ వాళ్లమ్మకి కబురు పెట్టింది, వాళ్లమ్మ మా పెరటి గుమ్మంలోకొచ్చింది. ఈసారి నాయనమ్మ లేచి నిలబడి, నీకు సిగ్గుండాలి అని మొహాన్నే అనేసింది. అత్తయ్య మాత్రం వెళ్తానంది. ఎందుకు వెళ్తావే అని నాయనమ్మ అడిగితే, చూసొస్తానంది తప్ప ఏం చూస్తుందో చెప్పలేదు. తోడుగా నన్ను పంపారు. ఎవరైనా అడిగితే హేమ స్నేహితురాలు పండక్కి వచ్చిందని చెప్పమన్నారు.

గుడివాడలో వాళ్ల వెనక గదిలో తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాం. అత్తయ్య కాగితం మడుస్తోంది, హేమ దారం పట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. అంతలో తలుపు తోసుకుని అత్తగారు వచ్చేసింది. అత్తయ్య మోచేతుల దాకా జిగురు, ఒళ్లో సగం తోక. హేమ చేతులు తళతళా శుభ్రంగా ఉన్నాయి. ఆవిడ ఇద్దరి చేతులూ మార్చి మార్చి చూసింది. హేమ మొహం పాలిపోయింది, ఇప్పుడు పుట్టింటికి పంపేస్తారనే నేనూ అనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి తలుపు గడియ పెట్టింది. గొంతు తగ్గించి, మా ఆడపడుచులు మధ్యాహ్నం వస్తున్నారు, అప్పటికల్లా పూర్తవ్వాలి, తోక ఇంకాస్త పెద్దదిగా పెట్టమంది. ఊరంతా చాటుకున్న గొప్పని ఇప్పుడు ఆవిడే కాపాడుకోవాలి కదా. అబద్ధం చేతులు మారింది, అంతే.

అత్తయ్య కత్తెర కింద పెట్టింది. "పెడతానండి. ఎవరు చేశారని వాళ్లు అడిగితే మాత్రం నా పేరు చెప్పండి" అంది.

"అదెలా కుదురుతుందమ్మా? నీదని చెబితే మా కోడలిదేదని అడగరూ?"

"అయితే మీ కోడలే చేస్తుందండి. నేను ఇక్కడే కూర్చుని చెబుతాను."

అలా హేమ తన జీవితంలో మొదటిసారి కాగితం మడిచింది. అత్తయ్య ఒక్క మడతలోనూ వేలు పెట్టలేదు, ఒళ్లో ఉన్న సగం తోకని చుట్టి సంచిలో పెట్టేసుకుంది. హేమ చేసిన నెమలి మెడ పొట్టిది, పొట్ట పెద్దది, చూపు తిన్నగా ఎదురుగా. నిజం చెప్పాలంటే అది పొదిగే కోడిపెట్టలా ఉంది. హేమ దాన్ని చూసి గుడ్ల నీళ్లు కుక్కుకుంది. అత్తగారు దాన్ని వేరే దారి లేక కొలువులో పై మెట్టు మీద పెట్టింది.

మధ్యాహ్నం ఆడపడుచులు పట్టుచీరలు గరగరలాడించుకుంటూ వచ్చారు. వాళ్లు ఆ కోడిపెట్టని చూశారు. చూసి, ఆహా ఎంత ఒడుపు, ఎంత సొగసు, అచ్చం ప్రాణం ఉన్నట్టే ఉంది, కోడలు పిల్ల చేతుల్లో సరస్వతి ఉంది అని ఒకరిని మించి ఒకరు మెచ్చుకున్నారు. గుడివాడ ఆవిడ బిత్తరపోయి, వెంటనే తేరుకుని, మరేమనుకున్నారు అంది. నేను అత్తయ్య మొహం చూశాను. ఏడాది పొడుగునా ఆవిడ తన నెమలి వల్లే సంబంధం అటు వెళ్లిందనుకుంది. వాళ్లెవరూ ఎప్పుడూ నెమలిని చూడనే లేదని ఆవిడకి అక్కడ, ఆ శనగల మధ్య, తెలిసింది. మెచ్చుకోవడం మర్యాద కనక మెచ్చుకుంటారు, అంతవరకే. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఆ పట్టుచీరలే గుర్తొస్తాయి. అప్పటికీ ఇప్పటికీ నాకు కనపడే తేడా ఒకటే. ఇప్పుడు చెయ్యనివాళ్లు కూడా నేనే చేశానని హాయిగా చెప్పుకుంటున్నారు, అప్పుడు చేసినామెకి ఆ మాట అనే వీలే లేదు.

ఆడపడుచుల్లో పెద్దావిడకి తాంబూలం తీసుకుంటూ అత్తయ్య మీద కన్ను పడింది. ఎవరీ పిల్ల, పెళ్లయిందా అని ఆరా తీసింది. మాట కలపడానికన్నట్టు, నీకూ వచ్చా అమ్మాయ్ ఇలాంటివి చెయ్యడం అని అడిగింది. గుడివాడ ఆవిడ మొహానికి పళ్లెం అడ్డం పెట్టుకుంది.

"వచ్చండి" అంది అత్తయ్య. "ఇంతకంటే బాగా వచ్చు."

 పట్టుచీరలన్నీ కలిసి నవ్వాయి. పెళ్లికాని పిల్లలకి ఆమాత్రం కుళ్లు ఉండటం సహజమేలే అని ఒకావిడ సర్దిచెప్పింది. అత్తయ్య కూడా చిన్నగా నవ్వి, సంచి తీసుకుని లేచింది. ఆ యేటి నుంచి ప్రతి దసరాకీ ఆవిడ చేసిన మొదటి నెమలి మా ఇంట్లోనే ఉండేది, ఎవరు పెరటి గుమ్మంలోకొచ్చినా వసారాలో కూర్చోబెట్టి చెయ్యడం నేర్పేది తప్ప చేసి ఇచ్చేది కాదు. తర్వాత మైలవరం సంబంధం కుదిరింది. మా మావయ్య కాగితం నెమలికీ కాకికీ తేడా తెలియని మనిషి. ఎవరినీ మెచ్చుకునే అలవాటు ఆయనకి లేదు. వాళ్లిద్దరూ సుఖంగానే ఉన్నారు.

గుడివాడ నుంచి తిరిగొస్తూ పామర్రులో బస్సు మారాం. కిటికీ పక్క సీటు నాకివ్వకుండా అత్తయ్యే కూర్చుంది. నాకు ఒళ్లు మండుతోంది. "చెప్పావు గానీ వాళ్లెవరూ నమ్మలేదు కదా అత్తయ్యా" అన్నాను. నమ్మకపోతే వాళ్లిష్టం, అడిగారు, నేను చెప్పానంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆ రోజు దాకా అత్తయ్య అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. కాసేపటికి నా అవతల కూర్చున్నావిడ, కూరగాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని కునుకుతున్న ఎవరో పెద్దావిడ, కళ్లు తెరిచి ఏ ఊరమ్మా మీది అని అడిగింది. అత్తయ్య ఊరి పేరు చెప్పి అక్కడితో ఆగకుండా నా మీదుగా ముందుకు వంగి, "నేను కాగితంతో నెమళ్లు చేస్తానండి" అంది.

ఆవిడ ఒక్క నెమలీ చూపించమనలేదు. "అలాగా తల్లీ, మంచి పని" అని మళ్లీ కళ్లు మూసుకుంది.